సందు ఇరుకైతే చాలదు

2016 అక్టోబరులో లైనక్స్ కెర్నల్‌లో ఓ చిన్న మార్పు చేరింది. ఇరవై లైన్లు కూడా లేని కోడ్ అది. దానికి తోడుగా లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ రాసిన వివరణ మాత్రం బరువైనది. ఇది ఏనాటిదో పాత లోపమనీ, 11 ఏళ్ల కిందట తానే దిద్దబోతే అది సరిగ్గా కుదరలేదనీ, ఆ రోజుల్లో సిద్ధాంతానికే పరిమితమనుకున్న ప్రమాదం ఇప్పుడు తేలిగ్గా జరిగేదైందనీ ఆయన అందులో ఒప్పుకున్నారు. ‘డర్టీ కౌ’ అని పేరుపడిన ఈ లోపం ఫిల్ ఓస్టర్ అనే నిపుణుడి కంటపడేసరికే దాడులు చేసేవాళ్లు దాన్ని వాడేస్తున్నారు. రెండు పనులు ఒకే వస్తువు మీద ఒకేసారి నడుస్తూ, ఏది ముందు పూర్తయిందన్న దాన్నిబట్టి ఫలితం తారుమారయ్యే పరిస్థితిని రేస్ కండిషన్ అంటారు. ఆ రెండూ ఢీకొనే అవకాశాన్ని తగ్గించినంత మాత్రాన ఇలాంటి లోపం పోదు. పని చేసే క్షణంలో కెర్నల్ దేన్ని నమ్ముతోందో దాన్ని మార్చాలి. డర్టీ కౌ చరిత్ర మొత్తం ఈ మాటకు సాక్ష్యమే.

లోపం ఎక్కడుందో దగ్గరగా చూద్దాం. ఒక ఫైలును చదివే హక్కు మాత్రమే ఉన్న ప్రోగ్రామ్ కూడా దాన్ని తన మెమరీలోకి ప్రైవేటుగా మ్యాప్ చేసుకోవచ్చు. అందులో ఏదైనా రాయబోతే కెర్నల్ అసలు పేజీని ముట్టుకోనివ్వదు. సాధారణంగా 4 కిలోబైట్లుండే ఆ పేజీకి అప్పటికప్పుడు నకలు తీసి, రాత దాని మీదే పడేలా చూస్తుంది. దీన్నే కాపీ-ఆన్-రైట్ అంటారు. అయితే నకలు తీయడం ఒక అడుగు, రాయడం మరో అడుగు. మొదటి అడుగు పూర్తికాగానే, నకలు ఎలాగూ తయారైంది కదా అని, అభ్యర్థన మీదున్న ‘రాయడానికి’ అనే గుర్తును కెర్నల్ తీసేసేది. సరిగ్గా ఆ సందులో అదే ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే రెండో థ్రెడ్ ‘ఈ పేజీ నాకిక అక్కర్లేదు’ అంటుంది. అది న్యాయమైన కోరికే కాబట్టి కెర్నల్ నకలును పారేస్తుంది. మొదటి థ్రెడ్ పని మళ్లీ పేజీ కోసం వెళ్లేసరికి రాయాలన్న గుర్తు లేదు. దాంతో చేతికొచ్చేది అసలు పేజీ, రాత పడేదీ దాని మీదే. జిరాక్స్ మీద రాసుకొమ్మని అనుమతిచ్చిన గుమాస్తా, ఆ జిరాక్స్ చెత్తబుట్టలో పడ్డ సంగతి చూసుకోకుండా అసలు అడంగల్‌నే చేతిలో పెట్టినట్టన్నమాట. ఆ ఫైలు పాస్‌వర్డుల పట్టికో, సర్వాధికారాలతో నడిచే ప్రోగ్రామో అయితే యంత్రం మొత్తం పరాయి చేతుల్లోకి పోతుంది.

అంతటికీ ఒక పెద్ద తాళం వేస్తే పోలేదా అన్నది మొదట వచ్చే ప్రశ్న. ఒకప్పుడు లైనక్స్‌లో అలాంటి తాళమే ఉండేది, దాని పేరు బిగ్ కెర్నల్ లాక్. ఒక ప్రాసెసర్ లోపలుంటే మిగతావి బయట కాచుకోవాలి. ప్రాసెసర్లు పెరిగేకొద్దీ అది మెడకు గుదిబండైంది. ఏళ్ల తరబడి ముక్కముక్కగా విడదీస్తూ వచ్చి, 2011లో పూర్తిగా తీసేశారు. పైగా డర్టీ కౌలో తాళాలు లేవనుకుంటే పొరపాటు. ప్రతి అడుగూ తాళంలోనే జరిగింది. తప్పంతా రెండు అడుగుల మధ్య ఉంది. మొదటి అడుగులో నిజమైనది రెండో అడుగుకూ నిజంగానే ఉంటుందని కెర్నల్ అనుకుంది.

అంత సన్నని సందులో దూరడం ఎవరి తరం అన్నది రెండో అభ్యంతరం. 2005 నాటికి అందులో కొంత న్యాయముంది. కానీ దాడి చేసేవాడికి ఒక్కసారి గురి తప్పితే నష్టమేమీ లేదు. రెండు థ్రెడ్లనూ లూప్‌లో పెట్టి లక్షలసార్లు ప్రయత్నిస్తాడు, ఒక్కసారి కుదిరితే చాలు. యంత్రంలోకి ముందే ప్రవేశం ఉన్నవాడికే ఇది పనికొస్తుంది కదా అనేవారికి ఆండ్రాయిడ్ ఫోన్లే జవాబు. అక్కడ ఆ ప్రవేశం ఒక యాప్ రూపంలో దొరుకుతుంది. 2017లో ట్రెండ్ మైక్రో బయటపెట్టిన జెడ్‌నియు మాల్వేర్ ఈ లోపం ఆసరాతోనే ఫోన్లను వశం చేసుకుంది. బాధితుల్లో ఎక్కువమంది చైనా, భారత్‌లవాళ్లే.

ఇక దిద్దుబాటు విషయానికొద్దాం. 2016 మార్పు సందును మూయలేదు, అసలు దాని జోలికే పోలేదు. ‘రాయడానికి’ అనే గుర్తును తీసేయడం మానేసింది. నకలు తీశామని వేరే గుర్తు పెట్టి, రాయబోయే ముందు పేజీ పట్టికలో, పేజీ మీద రాత పడిందని చెప్పే ‘డర్టీ’ అన్న బిట్ ఉందో లేదో చూడమంది. రెండో థ్రెడ్ నకలును పారేస్తే ఆ బిట్ కూడా పోతుంది, కెర్నల్ మళ్లీ మొదటికొస్తుంది. 2005లోనూ ఆలోచన దాదాపు ఇదే. కానీ ఐబీఎం ఎస్390 యంత్రాల్లో అప్పట్లో ఆ సమాచారం పేజీ పట్టికలో ఉండేది కాదు. అందుకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇంతా చేసి 2016 పరిష్కారానికీ ఓ బలహీనత మిగిలింది. డర్టీ బిట్ ఉంటే నకలు ఉన్నట్టేనన్నది ఊహ మాత్రమే. భారీ పేజీల విషయంలో నకలు తీయకుండానే ఆ బిట్‌ను పెట్టే దారి ఒకటుందని 2017లో తేలింది. మెమరీలోనే ఉండే టీఎంపీఎఫ్ఎస్ ఫైళ్లకూ అలాంటి చిక్కే 2022లో బయటపడింది. చివరికి డర్టీ బిట్‌ను అడగడం మానేసి, ‘ఈ పేజీ ఈ ప్రోగ్రామ్ ఒక్కదానిదేనా’ అని పేజీనే సూటిగా అడిగే పద్ధతి వచ్చింది.

రస్ట్ లాంటి కొత్త భాషలొస్తే ఈ బెడద ఉండదని కొందరి ఆశ. రెండు థ్రెడ్లు ఒకే మెమరీని అదుపు లేకుండా తాకే తప్పులను రస్ట్ చాలావరకు కంపైల్ దశలోనే పట్టేస్తుంది. అలాంటివాటిని పట్టడానికి 2020లో లైనక్స్‌లో కేసీఎస్ఏఎన్ అనే పరికరం కూడా చేరింది. రెండూ అవసరమే. కానీ అడుగడుగునా తాళం వేసుకుని కూడా తప్పు నమ్మకంతో నడిచే తర్కాన్ని పట్టడం వాటి పని కాదు. అందుకే ఏ దిద్దుబాటునైనా తూచాల్సింది రెండు ప్రశ్నలతో: పని చేసే క్షణంలో కెర్నల్ చూస్తున్న ఆధారం ఏమిటి? ఆ ఆధారాన్ని ఇంకో దారిలో ఎవరైనా పుట్టించగలరా? 2016లో మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. రెండోది అడగకుండా వదిలేసినందుకు అదే లోపాన్ని మరో రెండుసార్లు దిద్దుకోవాల్సి వచ్చింది.