ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు లేచారు?

అభన్‌పూర్‌లో నా దగ్గరికి మోకాళ్ల నొప్పితో వచ్చేవాళ్లలో వరినాట్లు వేసే ఆడవాళ్లే ఎక్కువ. "ఎలా ఉంది దీదీ?" అంటే "కాస్త నయం" అంటారు. దాన్నిబట్టి చికిత్స మార్చలేను. అందుకే 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చున్నారో, నొప్పి పదికి ఎంతో రిజిస్టర్లో రాస్తాను.

డెన్మార్క్‌లో 2013లో మొదలైన 'గ్లాడ్' కార్యక్రమం ఇదే పని పెద్ద ఎత్తున చేస్తోంది. మోకాలి, తుంటి కీళ్లు అరిగినవాళ్లకు అవగాహన పాఠాలు, 12 వ్యాయామ తరగతులు ఉంటాయి. మొదట్లో, 3 నెలలకు, 12 నెలలకు వివరాలు నమోదవుతాయి. వేలమంది లెక్కలు ఒకచోట చేరితే ఎవరి నొప్పి తగ్గిందో, ఎవరు మధ్యలో మానేశారో తెలుస్తుంది. మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే ఫలితాలు ఉన్నవాటికన్నా బాగా కనిపించవచ్చు.

మా రిజిస్టర్లో నాట్ల కాలమంతా ఖాళీ గడులే. అందుకే ఆ నెలల్లో ఇంట్లో చేసుకునే కసరత్తులే నేర్పుతున్నాను.