ఐదు రంగుల పేక

పేకాట అనగానే ఇంట్లో పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. వారిని తప్పు పట్టటానికి లేదు. కాని ఇప్పుడు చెప్పబోయే పేకలో రాజూ రాణీ ఉండరు. మంత్రాలూ, దేవతలూ, రాక్షసులూ, కొండలూ, అడవులూ ఉంటాయి. మొదట్లో ఓడినవాడు ఒక ముక్క వదులుకునే పద్ధతి ఒకటి ఈ ఆటలో ఉండేది గాని, అది కొద్దికాలానికే మూలపడింది. ఇప్పుడు ఇందులో పందెం లేదు. ఉన్నదంతా లెక్కే.

ఈ ఆట పేరు "మాజిక్: ది గాదరింగ్". దీన్ని కల్పించినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్. ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం చదివాడు. 1993లో ఆయనకు డాక్టరు పట్టం వచ్చింది. ఆ ఏడే ఆట కూడా బయటికి వచ్చింది. దాన్ని అచ్చువేసిన సంస్థ పేరు "విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్". మొదటి అచ్చులో 295 రకాల ముక్కలు ఉండేవి. ఇప్పుడు వేలకు వేలు ఉన్నాయి.

ఇద్దరు మాంత్రికులు పోట్లాడుకుంటున్నారనుకోండి. ఇద్దరికీ చెరి 20 ప్రాణాలు. ఎదుటివాడి ప్రాణాలు ముందుగా ఎవరు తీసేస్తే వారిది గెలుపు. అయితే మంత్రం ఊరికే పలకదు, దానికి శక్తి కావాలి. ఆ శక్తి నేలలో నుంచి వస్తుంది. మైదానం తెల్ల శక్తినిస్తుంది, ద్వీపం నీలి శక్తినిస్తుంది. ఊబిది నలుపు, కొండది ఎరుపు, అడవిది ఆకుపచ్చ. ఆటగాడు తన వంతు వచ్చినప్పుడు ఒక్క నేలముక్కను మాత్రమే కింద పెట్టవచ్చు. ప్రతి మంత్రం మీదా దాని ఖరీదు గుర్తులతో అచ్చువేసి ఉంటుంది. "లైట్నింగ్ బోల్ట్" అనే పిడుగు ముక్కకు ఒక్క ఎర్రశక్తి చాలు. అది మూడు ప్రాణాలు తీస్తుంది. "షివన్ డ్రాగన్" అనే మంటలు కక్కే రెక్కల పాముకు ఆరు శక్తులు కావాలి. వాటిలో రెండు తప్పనిసరిగా ఎర్రవై ఉండాలి. ఈ "రెండు" అన్నమాట గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉన్నది.

ఈ ఆటను ఎవరి పేకతో వారు ఇంటి నుంచి వచ్చి ఆడవచ్చు. కాని అందులో డబ్బున్నవాడికే మంచి ముక్కలు ఉంటాయి. నాకు నచ్చేది రెండో పద్ధతి. దాన్ని "డ్రాఫ్ట్" అంటారు. ఎనిమిదిమంది బల్ల చుట్టూ కూచుంటారు. ఒక్కొక్కరి ముందు విప్పని పొట్లాలు మూడేసి ఉంటాయి. అందరూ ఒక్కసారే ఒక పొట్లం విప్పి, తమకు కావలసిన ముక్క ఒకటి తీసుకుని, మిగిలినవి ఎడమపక్కవాడికి ఇస్తారు. కుడిపక్కవాడు ఇచ్చిన వాటిలో నుంచి మళ్లీ ఒకటి తీసుకుంటారు. పొట్లాలు ఖాళీ అయేదాకా ఇలాగే సాగుతుంది. రెండో పొట్లం కుడివైపు తిరుగుతుంది, మూడోది మళ్లీ ఎడమకు. పొట్లానికి 15 ముక్కల చొప్పున చివరికి ఒక్కొక్కరి దగ్గర 45 ముక్కలు చేరుతాయి. (2024 నుంచి వచ్చే పొట్లాల్లో 14 ముక్కలే ఉంటున్నాయి.) ఆడే పేకకు 40 ముక్కలు చాలు. అందులో 17 నేలముక్కలు. అవి ఎన్ని కావాలంటే అన్ని విడిగా ఇస్తారు. అంటే ఏరుకున్న 45లో ఆటకు వచ్చేవి 23 మాత్రమే!

మరి ఏ రంగులు ఏరుకోవాలి? ఒక్క రంగే అయితే 23 మంచి ముక్కలు దొరకటం కష్టం. అందుచేత చాలామంది రెండు రంగులు పట్టుకుంటారు. ఏ రెండన్నది పక్కవాడు చెప్పకుండానే చెబుతాడు. ఎలాగంటే, మీ చేతికి వచ్చిన పొట్లంలో నుంచి అప్పటికే అయిదారు ముక్కలు పోయినా ఇంకా మంచి ఆకుపచ్చ ముక్క మిగిలి ఉన్నదనుకోండి. మీకు కుడివైపున ఉన్నవాళ్లకు ఆకుపచ్చ అక్కరలేదన్నమాట. ఎవరూ నోరు విప్పకూడదన్నది నియమం. అయినా ముక్కలు మాట్లాడుతూనే ఉంటాయి.

1994లో రెండు మూడు రంగులు కలిసిన ముక్కలు మొదటిసారి వచ్చాయి. వాటి అంచు బంగారు రంగులో ఉంటుంది. ఇవి ఖరీదుకు మించి పనిచేస్తాయి. కాని చెప్పిన రంగులన్నీ ఉంటేనే పలుకుతాయి. అయిదు రంగుల్లో నుంచి రెండేసి ఏరటానికి పది విధాలున్నాయి, కావలిస్తే రాసి చూసుకోండి. ఆ పది జంటల్లో ఒకే జంటకు పనికివచ్చే ముక్కను మిగిలినవాళ్లు వదిలేస్తారు. కనక బంగారు ముక్క ఒక్కోసారి బల్లంతా చుట్టి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. 15 ముక్కల పొట్లం ఎనిమిదిమందినీ దాటి వచ్చేసరికి అందులో ఏడు మిగులుతాయి. ఆ ఏడింటిలో అది కనబడితే ఆ సంతోషమే వేరు. 2005లో "రావ్నికా" అనే పేక వచ్చింది. అందులో సగం ఒక రంగూ, సగం మరో రంగూ ఉన్న గుర్తులు మొదలయ్యాయి. వాటికి రెండింటిలో ఏ శక్తి ఇచ్చినా చెల్లుతుంది. బంగారు ముక్కకు రెండూ కావాలి, దీనికి ఏదో ఒకటి చాలు.

ఇప్పుడు చిక్కు చూడండి. ఒక కుర్రవాడు రెండు పొట్లాల దాకా ఎంతో బుద్ధిగా ఆకుపచ్చ, తెలుపు ముక్కలు ఏరుకుంటూ వచ్చాడు. మూడో పొట్లం విప్పగానే షివన్ డ్రాగన్ కనిపించింది! ఎర్రముక్క. అంత గొప్ప ముక్కను ఎవడు వదులుతాడు? తీసుకున్నాడు. తీసుకోవటంలో తప్పు లేదు. దాన్ని పేకలో పెట్టాలా, వద్దా అన్నదే ప్రశ్న.

పెట్టాలంటే కొండలు కావాలి. తొమ్మిది అడవులూ ఎనిమిది మైదానాలూ పెట్టవలసినవాడు ఏడు అడవులు, ఏడు మైదానాలు, మూడు కొండలు పెట్టాడు. ఆట మొదట్లో చేతికి ఏడు ముక్కలు వస్తాయి. తరవాత వంతుకొకటి తీసుకోవాలి. ముందు ఆడేవాడికి మాత్రం మొదటి వంతులో లేదు. అంటే వాడు నాలుగో వంతుకు పది ముక్కలు చూస్తాడు. ఆ పదిలో ఒక్క కొండ అయినా ఉంటుందా?

లేకపోవాలంటే మూడు కొండలూ అడుగున ఉన్న 30 ముక్కల్లో పడాలి. మొదటి కొండకు 40 చోట్లలో 30 అలాటివి. రెండోదానికి మిగిలిన 39లో 29. మూడోదానికి 38లో 28. పైవి గుణిస్తే 24,360. కిందివి గుణిస్తే 59,280. భాగించి చూస్తే నూటికి 41 సార్లు ఒక్క కొండా రాదని తేలుతుంది. డ్రాగన్‌కు కొండలు రెండు కావాలి. ఆరో వంతుకు పన్నెండు ముక్కలు చూసినా, వాటిలో రెండు కొండలు ఉండటం నూటికి 21 సార్లే. మిగిలిన 79 సార్లు డ్రాగన్ చేతిలోనే కూచుని మంటలు కక్కుతుంది!

అంతటితో పోలేదు. అడవులూ మైదానాలూ తగ్గాయి కదా? తొమ్మిదీ ఎనిమిదీ ఉన్నప్పుడు మొదటి పది ముక్కల్లో ఈ రెంటిలో ఏదో ఒక రంగు నేల రాకపోవటం నూటికి 13 సార్లు. ఏడేసి ఉన్నప్పుడు అది 21కి పెరిగింది. అసలు మూడు రంగులనూ సమంగా ఆరు, ఆరు, అయిదుగా పెడితే, మూడింటిలో కనీసం ఒకటి రాకపోవటం నూటికి 46. (మొదటి ఏడు ముక్కలూ బాగా లేకపోతే మళ్లీ కలుపుకునే వీలున్నది. దాన్ని ఈ లెక్కలో చేర్చలేదు.)

డ్రాగన్ బదులు అదే కుర్రవాడికి లైట్నింగ్ బోల్ట్ దొరికి ఉంటే నేను పెట్టమనే చెప్పేవాణ్ణి. దానికి ఒక్క కొండ చాలు, పైగా పిడుగు ఆలస్యంగా పడినా పిడుగే.

మూడు రంగులు ఆడి గెలిచేవాళ్లు లేకపోలేదు. వాళ్లు మంత్రాలతోబాటు నేలలను కూడా ముందే ఏరుకుంటారు. రెండు రంగుల శక్తి ఇచ్చే నేలలు కొన్ని ఉన్నాయి. అవి రెండు చోట్ల లెక్కకు వస్తాయి. ఆకుపచ్చలో పేకలో నుంచి కావలసిన నేలను వెతికి తెచ్చే మంత్రాలున్నాయి. అందుకే ఎక్కువ రంగులు ఆడేవాళ్లలో చాలామంది అడవిని వదలరు. జంటకొకటి చొప్పున పది రెండు రంగుల నేలలు 1993 నాటి మొదటి అచ్చులోనే రావలసింది. తొమ్మిదే వచ్చాయి! నీలి, ఎరుపు శక్తులిచ్చే "వాల్కానిక్ ఐలాండ్" పొరపాటున అచ్చు కాలేదు. ఆ ఏడే వేసిన రెండో అచ్చులో దాన్ని చేర్చారు.

ఈ లెక్క నమ్మకం కలగకపోతే ఇంట్లో ఉన్న మామూలు పేక తీసుకోండి. పెద్దవాళ్లు ఏమన్నా అంటే సైన్సు ప్రయోగమని చెప్పండి. జోకర్లూ, రాజులూ, రాణులూ, జాకీలూ తీసేస్తే సరిగ్గా 40 ముక్కలు మిగులుతాయి. ఆటీను ఆసు, రెండు, మూడు మన కొండలు. ముక్కలు బాగా కలిపి పైనుంచి పది తీయండి. కొండ వస్తే ఒక కాగితం మీద గీత గీయండి. ఇంకో రెండు ముక్కలు తీయండి. మొత్తం పన్నెండులో రెండు కొండలు ఉంటే రెండో కాగితం మీద గీయండి. మళ్లీ అన్నీ కలపండి. ఇలా ఇరవై సార్లు చేస్తే మొదటి కాగితం మీద సుమారు పన్నెండు గీతలూ, రెండోదానిమీద నాలుగూ పడాలి. ఇరవై సార్లంటే తక్కువే కనక కాస్త అటూ ఇటూ కావచ్చు. మీ స్నేహితులు నలుగురు తలా ఇరవై సార్లు చేసి, మీ గీతలతో కలిపితే నూరు సార్ల లెక్క వస్తుంది.