ఫిర్యాదు ఫైలులో మన గుట్టు ఎంత భద్రం?

"మీ ఇంట్లో బ్యాంకువాళ్లున్నారు కదా, ఒక్క మాట చెప్పండి. అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తే నా ఖాతా సంగతులన్నీ నలుగురికీ తెలిసిపోతాయా?"

రాయ్‌పూర్‌లో ఉన్నా, రాజమండ్రిలో ఉన్నా బ్యాంకు ఉద్యోగి ఇంటికి ఇరుగుపొరుగు నుంచి రాగల ప్రశ్నే ఇది. ఈ భయంతో న్యాయంగా రావలసిన డబ్బును వదులుకునేవారూ ఉంటారు. అందుకే జవాబు మన ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ముందుగా ఫిర్యాదు నడిచే దారి చూద్దాం. మొదట బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రాయ్‌పూర్‌లోనూ అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. అయితే 2021 నవంబర్ 12న సమీకృత పథకం వచ్చాక ప్రాంతాల హద్దులు పోయాయి. ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, లేదా చండీగఢ్‌లోని కేంద్రానికి పోస్టులో పంపవచ్చు. అంటే రాయ్‌పూర్ ఖాతాదారు ఫిర్యాదును వేరే ఊరి కార్యాలయం పరిశీలించవచ్చు. కాగితం ఇన్ని చేతులు మారుతుంది కనుక గోప్యత నియమం మరీ అవసరం.

అంబుడ్స్‌మన్ పథకం ప్రకారం, తన దగ్గరకు వచ్చిన సమాచారాన్ని, పత్రాలను అంబుడ్స్‌మన్ గోప్యంగా ఉంచాలి. చట్టం కోరితేనో, ఇచ్చినవారు ఒప్పుకుంటేనో తప్ప బయటపెట్టకూడదు. దీనికి ఒక మినహాయింపు ఉంది. సహజ న్యాయం కోసం అవసరమైనంత మేరకు, ఒక పక్షం ఇచ్చిన పత్రాన్ని రెండో పక్షానికి చూపవచ్చు. తనమీద వచ్చిన ఆరోపణ ఏమిటో తెలియకుండా బ్యాంకు మాత్రం ఏమని జవాబు చెప్పగలదు?

ఇక్కడే ఫిర్యాదుదారు జాగ్రత్త పడాలి. ఏటీఎంలో డబ్బు రాకుండానే ఖాతాలో కోత పడిందనుకుందాం. ఖాతా నంబరు, తేదీ, మొత్తం, ఏటీఎం ఉన్న చోటు, బ్యాంకుతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు చాలు. జాలి కలుగుతుందని ఇంట్లోవారి వైద్య నివేదికలు జతచేస్తే, అవి కూడా బ్యాంకు కంటపడవచ్చు. ఆధార్ కాపీ ఎక్కడైనా ఇవ్వవలసి వస్తే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో అడగండి. ఖాతా పిన్, లావాదేవీల ఓటీపీ ఏ ఫిర్యాదుకూ అక్కర్లేదు. ఫిర్యాదుకు రుసుమూ లేదు. అవి అడిగినవాడు మోసగాడే. సందేహముంటే 14448కు ఫోన్ చేయండి.

గోప్యత అవతలివారికీ వర్తిస్తుంది. పొరపాటున వేరే ఖాతాకు డబ్బు పంపినవారు "ఆ మనిషి చిరునామా చెప్పండి, నేనే వెళ్లి అడుగుతాను" అంటారు. బాధ నిజమే. అయినా బ్యాంకు ఆ ఖాతాదారును తానే సంప్రదించాలి గాని చిరునామా చేతిలో పెట్టకూడదు. రేపు ఆ అవతలి ఖాతా మనదే కావచ్చు.

మన ఉద్యోగులకు ఇది కొత్త పాఠం కాదు. జాతీయీకరణ జరిగిన బ్యాంకుల్లో విశ్వాస, గోప్యతల బాధ్యతను 1970 చట్టంలోని 13వ సెక్షనే విధించింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దానికి మరింత బలం చేకూర్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, దశలవారీగా అమలవుతున్నాయి. డేటా విషయంలో అన్యాయం జరిగితే ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేయడం, తర్వాత డేటా రక్షణ బోర్డును ఆశ్రయించడం ఆ చట్టం చూపే మార్గం.

ఇక మన ఇంటి సంగతి. "ఈ రోజు ఫలానా ఆయన ఫిర్యాదు వచ్చింది" అని భోజనాల దగ్గర పేరుతో సహా చెప్పుకోవడం తప్పు. ఫిర్యాదు కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పంపుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఇంట్లోవారు అడగకపోవడమూ ఉద్యోగికి సాయమే.

పొరుగింటివారికి చెప్పవలసిన జవాబు ఇదే: "ధైర్యంగా ఫిర్యాదు చేయండి. అవసరమైనంతే రాయండి. మీ గుట్టు కాపాడటం అక్కడివాళ్ల బాధ్యత."