ఆగిన డంపర్ కదలనంటే

వానాకాలంలో రామగుండం ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల మట్టిరోడ్లు బురదై జారుతుంటే డంపర్లను కదపరు. ఒక్కోసారి రోజుల తరబడి అవి పార్కింగ్ యార్డులోనే ఉంటాయి. వాన తెరిపిచ్చాక ఆపరేటర్ ఎక్కి, స్టార్ట్ చేసి, గేరు వేస్తాడు. ఇంజిన్ మోత పెరుగుతుంది గానీ బండి కదలదు. కాసేపయ్యాక ఒక్క కుదుపుతో ముందుకు పోతుంది. అంతే, షిఫ్ట్ ముగిసేలోపు 'గేరుబాక్సు పోయింది' అన్న మాట బేస్ వర్క్‌షాపు దాకా పాకుతుంది. నిజానికి గేరుబాక్సు విప్పే ముందు తేల్చాల్సినవి రెండు: గేరు పట్టు వదిలి ఎప్పుడు జారుతోంది, ఎంతసేపు జారుతోంది?

60 టన్నుల తరగతి డంపర్లలో క్లచ్ పెడల్ ఉండదు. ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. లోపల నూనె తిరుగుతూ ఇంజిన్ బలాన్ని గేర్లకు అందిస్తుంది. ఏ గేరు పడాలంటే ఆ గేరు క్లచ్ ప్లేట్లను బిగించి పట్టేదీ నూనె ఒత్తిడే. బాక్సు వేడిని కూలర్‌కు మోసేదీ ఆ నూనే. కాబట్టి నూనె తగ్గినా, నురగ కట్టినా, ఒత్తిడి పడిపోయినా ప్లేట్లు పట్టు వదులుతాయి. జారడమంటే ఇదే.

బండి ఆగితే పంపు ఆగుతుంది. కన్వర్టర్‌లో ఉన్న నూనె వాల్వుల సందుల్లోంచి మెల్లగా కింది సంపులోకి దిగిపోతుంది. చాలాకాలం వాడని చేతి బోరింగుకు నీళ్లందే దాకా కొన్ని దెబ్బలు వృథాగా కొట్టాల్సి వచ్చినట్టే, ఇక్కడా కన్వర్టర్ మళ్లీ నిండేదాకా బలం చక్రాలకు చేరదు. వారం నిలిచిన బండి మొదట కొద్దిసేపు తడబడి, ఆ తర్వాత షిఫ్టంతా బాగా నడిస్తే కంగారు పడక్కర్లేదు. రెండు మూడు గంటలు ఆగినా ఇలాగే చేస్తుంటే మాత్రం నూనె వెనక్కి జారకుండా ఆపాల్సిన వాల్వుగానీ, పంపు దగ్గరి బుష్‌గానీ అరిగిందని అనుమానించాలి.

ఇక్కడే ఓ చిక్కుంది, చాలామంది మోసపోయేదీ ఇక్కడే. ఇంజిన్ ఆపి డిప్‌స్టిక్ తీస్తే కన్వర్టర్‌లోంచి దిగిన నూనె కూడా సంపులోనే ఉంటుంది కాబట్టి మట్టం నిండుగా కనిపిస్తుంది. అసలు నూనె తక్కువున్న బండి కూడా అప్పుడు సరిగ్గా ఉన్నట్టే అగుపిస్తుంది. ఎక్కువుందని కొంత తీసేస్తే ఇంకో తంటా. అందుకే చాలా మోడళ్లలో సమతల నేల మీద, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా, నూనె పనిచేసే వేడికి వచ్చాక మట్టం చూడమంటారు. మీ బండికి ఏ పద్ధతో తయారీ కంపెనీ పుస్తకంలో ఉంటుంది, ఊహ మీద పోవద్దు. నూనె మరీ ఎక్కువైనా గేర్లు దాన్ని చిలికి నురగ చేస్తాయి. నురగకు ఒత్తిడి నిలవదు.

జారే వేళ మారితే కారణమూ మారుతుంది. చల్లగా ఉన్నప్పుడు జారి, వేడెక్కాక కుదురుకుంటే క్లచ్ పిస్టన్ల రబ్బరు సీళ్లు గట్టిపడి ఉండొచ్చు. వేడికి అవి కాస్త మెత్తబడి పట్టుకుంటాయి. మొదట బాగా నడిచి, వేడెక్కాక జారితే నూనె పలచబడి అరిగిన చోట లీకవుతోందన్నమాట. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఎండకు కూలర్ రెక్కల మీద బొగ్గు దుమ్ము కూడా తోడైతే ఆ లక్షణం ఇంకా త్వరగా బయటపడుతుంది. ముందు ఆ దుమ్ము దులపండి, ఖర్చు లేని పని. కాసేపు నడిచి జారి, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే తిరిగి బాగుంటే ఫిల్టర్‌ను చూడాలి: నడుస్తున్నప్పుడు దానికి అతుక్కున్న మడ్డి ఆపగానే కిందికి రాలుతుంది.

అన్ని గేర్లలోనూ, రివర్స్‌లోనూ జారితే తప్పు అందరికీ ఉమ్మడిగా ఉన్న నూనె, పంపు, కన్వర్టర్ల వైపు. ఒక్క గేరులోనే జారితే ఆ గేరు క్లచ్‌ది. నూనె నల్లబడి మాడిన వాసనొస్తే ప్లేట్లు కాలినట్టే. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. ఆ రెండు సందర్భాల్లోనూ బండిని ఇక నడపకూడదు. మిగతావాటిలో ముందు నూనె, ఫిల్టర్, తర్వాత గేజీతో ఒత్తిడి, చివరగానే విప్పడం. బ్రేకు పట్టి, గేరులో ఇంజిన్ వేగం పెంచి చూసే స్టాల్ టెస్ట్‌ను తెలిసిన ఫిట్టర్‌కే వదలండి; కొన్ని సెకన్లు మించితే నూనె ఉడికిపోతుంది.

ఓబీ (బొగ్గు మీది మట్టి) మోసే కాంట్రాక్టర్ల టిప్పర్లకు ఈ లెక్క పనికిరాదు. వోల్వో ఐ-షిఫ్ట్ లాంటి వాటిలో టార్క్ కన్వర్టర్‌కు బదులు గాలి ఒత్తిడితో పనిచేసే మామూలు క్లచ్ ఉంటుంది. రాత్రంతా ఆగాక గేరు పడకపోతే ముందు గాలి మీటర్ చూసుకోవాలి.

ఆపరేటర్లకు ఒక విన్నపం. లాగ్ బుక్కులో 'స్లిప్ అవుతోంది' అని ఒక్క ముక్క రాసి దిగిపోకండి. బండి ఎన్ని గంటలు ఆగింది, ఎంతసేపు జారింది, ఏ గేరులో, చల్లగానా వేడిగానా అన్నది కూడా రాయండి.