వాల్వ్ ఆంప్లిఫయర్ టెస్ట్ చేస్తున్నారా? ముందు లోడ్ చూసుకోండి!

నా చేతిలో ఉన్నది ఈఎల్84 అనే పవర్ వాల్వ్. బెంగళూరు బీఈఎల్‌లో తయారైంది. చిత్తూరులో మా తాతకి మైక్‌సెట్ షాపు ఉండేది. ఆయన రికార్డులు వేసే చిన్న ఆంప్లిఫయర్‌లోది ఇది.

పోయినేడాది దాన్ని అటక మీది నుంచి దించాను. స్పీకర్ తగిలించకుండానే ఆన్ చేసి, ఫోన్‌లో పాట పెట్టి, వాల్యూమ్ ఫుల్‌గా తిప్పేశా. బీటెక్ చదివినోడిని కదా, స్పీకర్ లేకపోతే సౌండ్ రాదు, అంతేగా అనుకున్నా. టప్‌మని శబ్దం, కాలిన వాసన. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. తాత ఒకటే మాటన్నాడు: "లోడ్ లేకుండా దాన్ని పాడించకూడదురా అబ్బోడా." ఈరోజు ఆ మాట గురించే.

ఎందుకలా అయింది? ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌కి స్పీకర్ పీకేస్తే మామూలుగా ఏమీ కాదు. వాల్వ్ వెనక మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ ఉంటుంది. లోడ్ లేనప్పుడు సిగ్నల్ ఇస్తే, ఆ కాయిల్‌లో వోల్టేజ్ సప్లై కంటే చాలా పైకి ఎగురుతుంది. లోపలి ఇన్సులేషన్ తట్టుకోలేదు.

మరి ఎంత లోడ్ పెట్టాలి? ఈఎల్84 ఒక్కటే వాడినప్పుడు ఆనోడ్‌కి 250 వోల్టులు, కరెంట్ 48 మిల్లీఆంపులు. 250ని 0.048తో భాగించండి. సుమారు 5,200 ఓమ్‌లు. డేటాషీట్‌లో ఇచ్చే లోడ్ కూడా 5.2 కిలో ఓమ్‌లే! అన్ని వాల్వ్‌లకీ ఇంత కరెక్ట్‌గా కుదరదు, అందుకే డేటాషీట్ చూడాల్సిందే.

మన స్పీకర్ 8 ఓమ్‌లే కదా? ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది అందుకే. 5,200ని 8తో భాగిస్తే 650. దాని వర్గమూలం 25.5. అదే చుట్ల నిష్పత్తి. అంటే 8 ఓమ్‌ల ట్యాప్‌కి 8 ఓమ్‌లే పెట్టాలి. అదే రెసిస్టర్‌ని 16 ఓమ్‌ల ట్యాప్‌కి పెడితే వాల్వ్‌కి 2,600 ఓమ్‌లే కనిపిస్తాయి. వాల్వ్ బాగున్నా రీడింగ్ తప్పొస్తుంది.

టెస్టింగ్‌కి స్పీకర్ వద్దు, రెసిస్టర్ వాడండి. స్పీకర్ ఓమ్‌లు ఫ్రీక్వెన్సీని బట్టి మారిపోతుంటాయి. 33 ఓమ్‌ల, 10 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్లు నాలుగు ప్యారలల్‌గా కలిపితే 8.25 ఓమ్‌లు, 40 వాట్లు. ఈ పనికి ధారాళంగా సరిపోతుంది. వేడెక్కుతాయి, చెక్క మీదో ప్లాస్టిక్ మీదో పెట్టకండి.

ఇప్పుడు ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ తీసి 400 హెర్ట్జ్ పెట్టండి. చవక మల్టీమీటర్లు అంతకు పైన సరిగ్గా చూపించకపోవచ్చు. మీటర్‌ని ఏసీ వోల్టుల్లో రెసిస్టర్ మీద పెట్టి, వాల్యూమ్ మెల్లగా పెంచండి. వాల్యూమ్ పెరుగుతున్నా వోల్టులు పెరగడం ఆగిపోయాయంటే అక్కడికి వాల్వ్ శక్తి అయిపోయినట్టే. వోల్టుల వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే వాట్లు. 6 వోల్టులు వస్తే దాదాపు 4.4 వాట్లు. డేటాషీట్ చెప్పేది 5.7, ట్రాన్స్‌ఫార్మర్‌లో కొంత పోతుంది కాబట్టి ఇది మంచి వాల్వే. 3 వోల్టుల దగ్గరే ఆగిపోతే వెంటనే వాల్వ్‌ని పారేయకండి. ముందు సప్లై వోల్టేజ్, క్యాథోడ్ రెసిస్టర్, కప్లింగ్ కెపాసిటర్ చూడండి.

ఒక హెచ్చరిక. లోపల 250 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో నిలబడి ఉంటుంది, ప్రాణం తీస్తుంది. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేని పాత సెట్‌కి ఫోన్ అస్సలు తగిలించొద్దు. అనుభవం లేకపోతే తెలిసిన మెకానిక్‌ని పక్కన పెట్టుకోండి.

మా ట్రాన్స్‌ఫార్మర్‌ని తిరుపతిలో రీవైండింగ్ చేయించా. ఈసారి లోడ్ పెట్టే టెస్ట్ చేశా, 6 వోల్టులు వచ్చింది. మీటర్ చూపిస్తే తాత దాని వంక కూడా చూడలేదు. "సరేలే, ఇంక స్పీకర్ తగిలించు" అన్నాడు.