టరాంటులా పెంచాలనుందా? కొనే ముందే దాని శాస్త్రీయ నామం అడగండి

అరచేయంత సాలీడు, ఒళ్లంతా నూగు, కాళ్ల మీద నారింజ పట్టీలు. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ చూస్తారు, కింద ‘కొరియర్ ఉంది’ అని రాసి ఉంటుంది. మెసేజ్ పెడితే ధర వస్తుంది. కాగితాల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. రాజమహేంద్రవరంలో ఉన్నా భీమవరంలో ఉన్నా, మొదటి టరాంటులా కొనే వారికి చిక్కు వచ్చేది ఇక్కడే.

అమ్మేవాళ్లు చెప్పే ముద్దుపేర్లు పనికిరావు. ‘మెక్సికన్ రెడ్ నీ’ అంటే బ్రాకీపెల్మా జాతి. అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం ‘సైటీస్’ రెండో అనుబంధంలో ఇది ఉంది. ‘గూటీ బ్లూ’ అంటే పోసిలోథీరియా మెటాలికా. పోసిలోథీరియా జాతి మొత్తాన్నీ 2019లో అదే అనుబంధంలో చేర్చారు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటీస్ జాబితా మన చట్టంలో నాలుగో షెడ్యూలుగా వచ్చింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

గూటీ అంటే మన అనంతపురం జిల్లా గుత్తే. అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడును చూసి 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టారు. తర్వాత వందేళ్లపాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ‘అత్యంత ప్రమాదంలో ఉన్న జీవి’గా లెక్కగట్టింది. మన ఊరి పేరు పెట్టుకుని ప్రపంచమంతా అమ్ముడవుతున్న ఈ సాలీడు మన అడవిలో మాత్రం కొద్దిపాటి చోటులోనే మిగిలింది. ‘ఫారెస్టులో పట్టింది, చవక’ అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. పాపికొండలు జాతీయ ఉద్యానవనం నుంచి ఏ ప్రాణిని తెచ్చినా నేరమే.

పరివేష్‌లో నమోదు ఎలా?

2024 ఫిబ్రవరి 28న కేంద్రం ‘జీవించి ఉన్న జంతు జాతుల నివేదన, నమోదు నియమాలు’ ప్రకటించింది. నాలుగో షెడ్యూలులోని జీవి అప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లకు ఆరు నెలల గడువు ఇచ్చింది. ఆ గడువు అయిపోయింది. ఇప్పుడు కొనేవాళ్లు చేతికొచ్చిన 30 రోజుల్లోగా చెప్పాలి. దానికి అటవీ కార్యాలయం చుట్టూ తిరగనక్కర్లేదు. పరివేష్ 2.0 పోర్టల్‌లో ఖాతా తెరిచి, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి దరఖాస్తు పంపాలి. ఇక్కడే పుట్టిన పిల్ల సాలీడైనా మినహాయింపు లేదు. యజమాని మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలపాలి. కాబట్టి బిల్లుతో పాటు అమ్మేవాళ్ల నమోదు పత్రం నకలు కూడా అడిగి తీసుకోండి. ఇవ్వనంటే కొనకపోవడమే మేలు. ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తే సాధారణంగా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మొదటి రెండు షెడ్యూళ్ల జీవులైతే శిక్ష ఇంకా ఎక్కువ.

విదేశం నుంచి నేరుగా తెప్పించుకుందామన్న ఆలోచన వద్దు. 2021 జులైలో పోలండ్ నుంచి తమిళనాడు చిరునామాకు వచ్చిన పోస్టల్ పార్సిల్‌ను చెన్నై కస్టమ్స్ అధికారులు విప్పితే చిన్న చిన్న సీసాల్లో 107 బతికున్న సాలీళ్లు బయటపడ్డాయి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ లైసెన్సు లేదు, ఆరోగ్య పత్రాలూ లేవు. పార్సిల్‌ను పోలండ్‌కే తిప్పి పంపారు.

గోదావరి జిల్లాల ఇంట్లో ఎలా బతుకుతుంది?

విదేశీ వీడియోలు చూసి హీటర్ కొనకండి. మన దగ్గర సమస్య చలి కాదు, మే నెల. 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఇవి సుఖంగా ఉంటాయి. రేకుల గదిలో, డాబా మీది గదిలో, పడమటి కిటికీ పక్కన పెడితే కరెంటు పోయిన ఒక్క మధ్యాహ్నం చాలు, ప్రాణం పోవడానికి. కింది అంతస్తులో, నేలకు దగ్గరగా, నీడ పట్టున ఉంచండి. నేల మీద తిరిగే రకాలకు ఎత్తయిన పెట్టె వద్దు. పైనుంచి పడితే పొట్ట పగులుతుంది. అడుగున నాలుగంగుళాల కొబ్బరి పొట్టు పరవాలి. కోనసీమ పక్కనే ఉంది కాబట్టి దానికి కరువు లేదు. బాగా కడిగి, ఆరబెట్టి వాడండి. పక్కలకు గాలి రంధ్రాలు ఉండాలి. లేకుంటే మన ఉక్కకు బూజు పడుతుంది. చిన్న గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉంచాలి.

అసలు ప్రమాదం దోమల మందు. కాయిల్, ప్లగ్గులో పెట్టే ద్రావణం, మున్సిపాలిటీ ఫాగింగ్, చీమల చాక్‌పీసు... వీటిలో ఎక్కువగా ఉండేది పైరెథ్రాయిడ్ మందే. దోమను చంపే మందు సాలీడునూ చంపుతుంది. ఆ గదిలో దోమతెరే శరణ్యం. ఫాగింగ్ బండి చప్పుడు వినబడితే కిటికీలు మూసేయండి. చీమలు రాకుండా పెట్టె ఉన్న బల్ల కాళ్లను నీళ్ల పళ్లేల్లో పెట్టండి. మన అమ్మమ్మలు పాల గిన్నెకు చేసిన ఏర్పాటే ఇది.

మేతగా పెంపకంలోని కీచురాళ్లు వారానికి ఒకటి రెండు పెద్ద సాలీడుకు చాలు. పొలం గట్టున పట్టిన మిడతలు, వంటింటి బొద్దింకలు వద్దు. వాటి ఒంట్లో ఏ పురుగుమందు ఉందో చెప్పలేం. తినకుండా వదిలేసిన పురుగును మర్నాటికల్లా తీసేయాలి.

ఓ రోజు సాలీడు వెల్లకిలా పడి ఉంటుంది. కంగారుపడకండి, చచ్చిపోలేదు. పాత పెంకు వదులుతోంది. ఆ సమయంలో ముట్టుకోకూడదు, తిప్పకూడదు, మేత వేయకూడదు. ఒళ్లు మెత్తగా ఉన్నప్పుడు కీచురాయి కూడా దాన్ని కొరికేయగలదు. వారం, పది రోజులు ఆగి మళ్లీ మేత మొదలుపెట్టండి.

చేతిమీద పాకించుకునే సరదా రీల్స్ వాళ్లకే వదిలేయండి. అమెరికా ఖండాల రకాల్లో చాలావరకు పొట్ట మీది నూగును ఎగజిమ్ముతాయి. కంట్లో పడితే నలపకుండా కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. పోసిలోథీరియా లాంటి ఆసియా రకాలకు ఆ నూగు ఉండదు గానీ కాటు గట్టిది. రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి. పాముకాటు విరుగుడు దీనికి పనిచేయదు. 108కు ఫోన్ చేసి, డాక్టరుకు సాలీడు పేరు చెప్పండి. అక్కడా కావలసింది శాస్త్రీయ నామమే.

ఆడ టరాంటులా పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఇంటర్ కుర్రాడు కొన్న సాలీడు, అతను అమెరికాలో ఎమ్మెస్ చేసి ఉద్యోగంలో చేరాక కూడా అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటుంది. సాకలేకపోతే తోటలో గానీ, మారేడుమిల్లి అడవిలో గానీ వదలకండి. నమోదు చేసి ఉంటే పరివేష్‌లో బదిలీ వివరాలు పెట్టి మరొకరికి ఇవ్వొచ్చు. లేదంటే మీ జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు రసీదు తీసుకోండి.