పేకముక్కల మహారాజు... జేబులో ఎనిమిది వందలు!

సినిమాల్లో పేకాట సీను ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? గుండ్రటి బల్ల, పైన వేలాడే దీపం, చుట్టూ పొగ, విలన్‌గారి కుర్చీ వెనక ఓ డాన్సరు... హీరో ఆఖరి ముక్క బల్లమీద కొట్టగానే హాల్లో ఈలలు! హాలీవుడ్ వాళ్లూ ఏం తక్కువ తినలేదు. స్టీవ్ మెక్వీన్ 'సిన్సినాటి కిడ్' (1965) దగ్గర్నించి మాట్ డేమన్ 'రౌండర్స్' (1998) దాకా పేకాటరాయుణ్ణి హీరోని చేసి మన ముందు నిలబెట్టినవాళ్లే.

ఆ సినిమాలు నేనూ ఇష్టపడే చూశాను. కానీ పేకాటే ఉద్యోగంగా బతికిన ఒక నిజం మనిషి కథ తెలిశాక, ఆ సీన్లు మళ్లీ అదే సరదాతో చూడలేకపోతున్నాను. అతని పేరు స్టూ ఉంగర్. ఇతని మీద 2003లో 'హై రోలర్' అని సినిమా కూడా వచ్చింది. ఆ వేషం మైకేల్ ఇంపీరియోలి కట్టాడు.

మన అక్కినేని 'దేవదాసు' విడుదలైన 1953లోనే ఈ ఉంగర్ న్యూయార్కులో పుట్టాడు. (రెండింటికీ ఏ సంబంధమూ లేదనుకోండి. అయినా కథంతా విన్నాక మీకే ఏదో తోస్తుంది!) తండ్రిది పైకి బారు, లోపల పందేల వ్యాపారం. కుర్రాడికి పదమూడు పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆ తండ్రి పోయాడు. చదువు చట్టుబండలైంది. చేతిలో మిగిలింది పేకముక్కలే.

మొదట్లో అతను ఆడింది పోకర్ కాదండోయ్... రమ్మీ! మన పెళ్లివారి విడిదిళ్లలో తెల్లవార్లూ సాగే పదమూడు ముక్కల ఆటకి దగ్గర చుట్టమే. దాన్ని జిన్ రమ్మీ అంటారు. ఇద్దరే ఆడతారు, చేతికి పది ముక్కలు. పడిన ముక్క ప్రతిదీ ఉంగర్‌కి గుర్తే. ఇరవయ్యో పడి దాటుతుండగానే పేరుమోసిన ఆటగాళ్లని వరసపెట్టి ఓడించాడు. లాస్ వేగాస్‌లో బాబ్ స్టుపక్ అనే జూదశాల యజమాని 1977లో ఇతనితో పందెం కాశాడు. కట్టలు కట్టలు కలిపిన ముక్కలు ఒక్కొక్కటే చూపిస్తూ పోతే, చివరికి మిగిలిన ముక్క ఏదో చెప్పాలి. కుర్రాడు చెప్పేశాడు! ఈ స్టుపక్‌ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

అయితే ఏమైంది? రమ్మీలో ఇతనితో కూర్చునేవాడే కరువయ్యాడు!

సినిమాలు చూపించని రహస్యం ఇదే. కిరాణాకొట్టు మనిషికి సరుకు ఎంత బాగుంటే అంత గిరాకీ. పేకాట వృత్తివాడికి అంతా తల్లకిందులు. ఎంత బాగా ఆడితే అంత గిరాకీ పడిపోతుంది. ఓడిపోయేవాడు రేపు కూడా నవ్వుతూ వచ్చి కూర్చోవాలి, అప్పుడే ఇతనికి భోజనం. అందుకని తెలివైన ఆటగాడు అప్పుడప్పుడూ ఓడతాడు, జోకులేస్తాడు, కాఫీ తాగిస్తాడు. ఉంగర్‌కి అది చేతకాలేదు. ఎదుటివాణ్ణి నేలమట్టం చేస్తే గాని అతనికి తృప్తి లేదు. ఇక గతిలేక పోకర్‌కి మారాడు.

ఆసు, రెండు, మూడు, నాలుగు, అయిదు!

పోకర్ తెలియనివారికి రెండు ముక్కల్లో చెప్తాను. మీ చేతిలో రెండే ముక్కలు, బల్ల మధ్యన అందరికీ కలిపి అయిదు. ఆ ఏడింటిలో మంచి అయిదు ఎవరివైతే వాళ్లది గెలుపు. లేని ముక్క ఉన్నట్టు మొహం పెట్టి ఎదుటివాణ్ణి పారదోలినా గెలుపే. అంటే సగం లెక్క, సగం నటన!

1980లో, ఇరవయ్యారేళ్ల వయసులో, పదివేల డాలర్ల ప్రవేశ రుసుము కట్టి ఉంగర్ వరల్డ్ సిరీస్‌లో దిగాడు. ఈ రకం ఆట అతనికి దాదాపు కొత్త. చివరికి మిగిలింది ఇతనూ, అప్పటికే రెండుసార్లు చాంపియన్ అయిన డాయిల్ బ్రన్సనూ. ఆఖరి ఆటలో బ్రన్సన్ దగ్గర ఆసులూ ఏడులూ జోడీలు కుదిరాయి. కుర్రాడి చేతిలో అయిదు, నాలుగు. మధ్యలో ఆసు, రెండు ఉన్నాయి. ఒక్క మూడు కావాలి... పడింది! రమ్మీ ఆడేవాడికి వేరే చెప్పాలా ఆ వరస విలువ? 3,65,000 డాలర్లు గెలిచాడు. మరుసటేడు 1981లో మళ్లీ అతనే.

ఆ డబ్బంతా ఏమైందంటారా? పేకలో తెచ్చింది గుర్రాల మీదా, పాచికల మీదా, ఫుట్‌బాల్ పందేల మీదా పోశాడు. పేకబల్ల దగ్గర ఇతన్ని ఓడించేవాడు లేడు, బల్ల దిగితే ఓడించనివాడు లేడు! నన్నడిగితే ఈ వృత్తిలో అసలు విద్య ముక్కలు గుర్తుపెట్టుకోవడం కాదు. తనకు రాని ఆటకు దూరంగా ఉండడం, ఆట డబ్బూ ఇంటి డబ్బూ వేరుగా ఉంచడం. ఈ పని సాదాసీదా ఆటగాళ్లు చేసి నిక్షేపంగా బతికారు. దానికి తోడు ఇతనికి కొకైన్ అంటుకుంది. 1990 వరల్డ్ సిరీస్‌లో మూడోరోజున హోటల్ గదిలో స్పృహలేకుండా దొరికాడు. అప్పటికే ముందు పెట్టుకున్న చిప్స్ గుట్ట ఎంతదంటే, మనిషి లేని కుర్చీ తొమ్మిదో స్థానం సంపాదించింది!

1997 సంగతి మాత్రం ఏ రచయిత రాసినా నిర్మాత నమ్మడు. చేతిలో దమ్మిడీ లేదు. బిల్లీ బాక్స్టర్ అనే స్నేహితుడు, గెలిస్తే చెరిసగం అని, ఆఖరి నిమిషంలో పదివేలు కట్టాడు. మత్తుమందుతో పాడైన ముక్కు కనపడకుండా నీలిరంగు గుండ్రటి కళ్లజోడు. మొదటిరోజు కునికిపాట్లు. 312 మందిలో చివరికి ఇద్దరు మిగిలారు. ఫ్రీమాంట్ వీధిలో, ఆరుబయట, జనం మధ్య ఆట. ఇద్దరి దగ్గరా ఆసే, కాని జాన్ స్ట్రెంప్‌కి పక్కన ఎనిమిది, ఉంగర్‌కి నాలుగు. అంటే ఉంగర్ వెనకబడ్డాడు. మధ్యలో ఆసు, అయిదు, మూడు, మళ్లీ మూడు. ఆఖరి ముక్క తిరగేశారు... రెండు! పదిహేడేళ్ల కిందట కిరీటం పెట్టిన వరసే, ఆసు నుంచి అయిదు దాకా, మళ్లీ వచ్చి కూర్చుంది! పది లక్షల డాలర్లు. కెమెరాల ముందు జేబులోంచి కూతురి ఫోటో తీసి చూపించాడు. ఆ దృశ్యం వీడియోలో చూసినప్పుడల్లా నా గొంతు పట్టేస్తుంది.

నెలల్లో ఆ డబ్బూ అయిపోయింది.

ఈమధ్య దాకా మన తారలు కూడా రమ్మీ ప్రకటనల్లో 'రండి, ఆడండి' అని చేతులూపారు. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాక ఆ సందడి తగ్గింది. కాని 'నేనూ పోకర్ ప్రో అవుతానండీ' అనే కుర్రాళ్లు ఇప్పటికీ నాకు తగులుతూనే ఉన్నారు. లెక్కలు బాగా వచ్చినవాళ్లే. వాళ్లని నేను అడిగేది ఒకటే: బాబూ, ఉంగర్ కంటే బాగా ఆడతావా?

1998లో మళ్లీ పోటీ వచ్చింది. బాక్స్టర్ మళ్లీ డబ్బు కడతానన్నాడు. ఆట మొదలయ్యే ముందు ఉంగర్ కబురు పెట్టాడు, ఒంట్లో ఓపిక లేదు, రాలేనని. ఆ నవంబరు 22న లాస్ వేగాస్‌లోని ఒయాసిస్ అనే చవక మోటెల్ గదిలో శవమై కనిపించాడు. నలభై అయిదేళ్లు. ఏళ్లతరబడి వాడిన మత్తుమందులు గుండెను తినేశాయన్నారు. జేబులో దొరికినవి సుమారు ఎనిమిది వందల డాలర్లు. అంత్యక్రియల ఖర్చుకి అక్కడికి వచ్చినవాళ్ల దగ్గర చందాలు వసూలు చేసింది ఎవరనుకున్నారు? 1977లో ఆఖరి ముక్క మీద పందెం ఓడిన బాబ్ స్టుపక్!